అక్షరాల పట్టికకు అందని చూపు: రెటీనా వైద్యులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెటీనా వైద్యులకు, కంటి ఆసుపత్రుల నిర్వాహకులకు, లేజరు గది బయట రోగులతో మాట్లాడే సిబ్బందికి నమస్కారాలు.

షుగరు కంటికి దిగి, కంటి వెనుక వెలుగును పట్టే పొర అయిన రెటీనా మీద కొత్త రక్తనాళాలు మొలిచిన దశలో రెండు కళ్ళకూ లేజరు చేయించుకున్న రోగిని నేను. ఆ చికిత్స జరిగి కొన్నేళ్ళయింది. ఈ లేఖను నేనే రాసుకుని, రాసినదాన్ని నా కళ్ళతోనే సరిచూసుకోగలుగుతున్నానంటే అది మీ చలవే. కనుక దీన్ని చికిత్స మీద ఫిర్యాదుగా దయచేసి చూడవద్దు. లేజరు నా చూపును నిలబెట్టింది, నిలబెడుతూనే మార్చింది కూడా. నిలబడిన చూపును నేను ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ మీరు కొలిచి రాస్తున్నారు. మారిన చూపు మాత్రం నా ఫైలులో ఏ పేజీలోనూ లేదు. ఆ మార్పు గురించి లేజరుకు ముందే రోగికి విడమరిచి చెప్పాలనీ, తర్వాత దాన్ని తగిన పరీక్షతో కొలవాలనీ, కొలిచినదాన్ని రాసి రోగి చేతికి ఇవ్వాలనీ కోరడానికే ఈ లేఖ.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. బహిరంగ లేఖ కనుక దీన్ని రేపో మాపో లేజరు చేయించుకోవలసినవారు కూడా చదువుతారు. చదివి వారు వెనకడుగు వేస్తే నేనిది రాయకపోవడమే మేలు. అమెరికాలో 1970లలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీలో, ప్రమాదకర స్థాయిలో కొత్త నాళాలు ఉండి చికిత్స అందని కళ్ళలో 26 శాతం రెండేళ్ళలోనే తీవ్రంగా చూపు కోల్పోయాయి. లేజరు లేదా జీనాన్ కాంతితో చికిత్స చేసిన కళ్ళలో అది 11 శాతానికి తగ్గింది. 1976లో తొలి ఫలితాలు వచ్చినప్పుడే తేడా ఎంత స్పష్టంగా కనిపించిందంటే, పోలిక కోసం చికిత్స చేయకుండా ఉంచిన కళ్ళలో ప్రమాదం ఎక్కువగా ఉన్నవాటికి కూడా చికిత్స చేసేలా పరిశోధన నియమాలనే సవరించారు. కాబట్టి లేజరు వద్దని ఎవరికీ చెప్పను, నన్నడిగినవారికి చేయించుకోమనే చెబుతున్నాను. చేయించుకున్నాక ఏమి మారవచ్చో కూడా చెబుతున్నాను, ఎందుకంటే వారిలో చాలామందికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈ మార్పు ఎక్కడి నుంచి వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు, అయినా మీరు తప్ప మిగతావారికి ఇది తెలియడం అవసరం. శరీరంలో ఆక్సిజన్‌ను అతి ఎక్కువగా ఖర్చుచేసే కణజాలాల్లో రెటీనా ఒకటి, అందులోనూ వెలుగును పట్టే కణాలకు కావలసిందే ఎక్కువ. షుగరు వల్ల సన్నని నాళాలు మూసుకుపోయి ఆక్సిజన్ అందకపోతే, రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని ప్రేరణతో పుట్టుకొచ్చే కొత్త నాళాలు బలహీనమైనవి కనుక చిట్లి కంట్లోకి రక్తం వదులుతాయి, ముదిరితే రెటీనాను లాగి ఊడదీస్తాయి. లేజరు చేసే పనల్లా, సూటిచూపుకు ఆధారమైన మధ్యభాగాన్ని వదిలేసి, చుట్టూ ఉన్న రెటీనాలోని వెలుగును పట్టే ఆ కణాలను చుక్కలు చుక్కలుగా కాల్చడం. కాలినచోట ఆక్సిజన్ ఖర్చు ఉండదు, పైగా వెనుక పొర నుంచి వచ్చే ఆక్సిజన్ ఆ మచ్చల గుండా లోపలి పొరలకు చేరుతుంది. వీఈజీఎఫ్ తగ్గుతుంది, కొత్త నాళాలు ఎండిపోతాయి.

సంప్రదాయ పద్ధతిలో ఒక కంటికి పెట్టే చుక్కలు సుమారు 1200 నుంచి 1600 వరకు ఉంటాయి, ఒక్కొక్కటి రెటీనా మీద దాదాపు అర మిల్లీమీటరు వెడల్పు. 1500 చుక్కలని లెక్కవేసుకుంటే అన్నీ కలిపి సుమారు 295 చదరపు మిల్లీమీటర్లు. మనిషి రెటీనా మొత్తం విస్తీర్ణమే దాదాపు 1100 చదరపు మిల్లీమీటర్లు కదా. నాలుగో వంతుకు పైగా అన్నమాట. కాలక్రమంలో కొన్ని మచ్చలు ఇంకా విస్తరిస్తాయి కూడా. ఈ లెక్క వేసుకున్న రోజున నాకు భయం వేయలేదు, పైపెచ్చు ఊరట కలిగింది. అప్పటిదాకా నా చూపులో వచ్చిన మార్పును నా ఊహగానో, వయసు ప్రభావంగానో, మనోవ్యాకులతగానో నలుగురూ నాలుగు రకాలుగా తేల్చేవారు. రెటీనాలో అంత భాగం కాల్చాక పక్కచూపు, చీకటిచూపు మునుపటిలా ఉంటాయనుకోవడమే వింత. ఇది చికిత్స వికటించడం వల్ల వచ్చిన నష్టం కాదు, చికిత్స పనిచేసే తీరులోనే ఉన్న ఖర్చు. ముందే తెలిసిన ఖర్చును ముందే చెప్పకపోవడమే నాకు అర్థం కాని సంగతి.

మీ దగ్గర నా చూపు అంటే అక్షరాల పట్టికలో నేను చదవగలిగిన చివరి వరుస. స్నెల్లెన్ అనే కంటివైద్యుడు 1862లో ఆ పట్టికను రూపొందించిన నాటి నుంచి కంటివైద్యానికి అది చేసిన సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది కొలిచేది రెటీనా నడిమధ్యలోని ఒక చిన్న చోటును మాత్రమే, అదీ మంచి వెలుతురులో, తెల్లని నేపథ్యం మీది నల్లని అక్షరాలతో, కదలని మనిషి కదలని వస్తువును చూస్తున్నప్పుడు. మీరు లేజరు పెట్టింది ఆ చోటును తప్పించి మిగిలిన చోట. అంటే చికిత్స ఎక్కడ జరిగిందో అక్కడి చూపును వదిలేసి, ఎక్కడ జరగలేదో అక్కడి చూపును కొలిచి, ‘ఏమీ మారలేదు, బాగుంది’ అని రాస్తున్నారు. నేను పట్టికలో చివరి వరుసకు ఒక వరుస పైదాకా తడుముకోకుండా చదివి, లేచి గది దాటుతూ పక్కనున్న బల్ల మూలకు తొడ కొట్టుకున్న సందర్భాలున్నాయి. పక్కనే ఉన్న సహాయకురాలు ‘చూసుకుని నడవండి’ అన్నారు. చూసుకునే నడిచానని ఆమెకు చెప్పడానికి నా ఫైలులో ఆధారం ఏదీ లేదు.

పక్కచూపు పోవడమంటే చుట్టూ నల్లని గోడ కట్టినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే ఊహించుకుని, అలాంటి నలుపు ఎక్కడా కనిపించకపోవడంతో నాకేమీ కాలేదనే అనుకున్నాను. వాస్తవానికి మెదడు ఆ ఖాళీలను చుట్టుపక్కల రంగుతో, గోడతో, నేలతో పూడ్చేస్తుంది. దృశ్యం నిండుగానే కనిపిస్తుంది, అందులో ఉండవలసిన మనిషి మాత్రం ఉండడు. ఎడమ వైపు ఖాళీగా ఉన్న దారిలోంచి ఒక్కసారిగా సైకిలు ఊడిపడుతుంది. సగం తెరిచి ఉన్న తలుపు అంచు నుదుటికి తగిలేదాకా తలుపు మూసే ఉందనిపిస్తుంది. మోకాలి ఎత్తున తిరిగే పిల్లలు నాకు ఎప్పుడూ హఠాత్తుగానే ఎదురవుతారు. వీటన్నిటికీ తల తిప్పుతూ నడవడం నేర్చుకున్నాను. నలుగురిలో ఉన్నప్పటి ఇబ్బందికి మాత్రం ఇంకా మార్గం దొరకలేదు. ఎదుటివారు నడుము ఎత్తున చెయ్యి చాస్తే, వారి ముఖం చూస్తూ మాట్లాడుతున్న నాకు ఆ చెయ్యి కనిపించదు. కాసేపు చూసి వారు చెయ్యి వెనక్కి తీసుకుంటారు, నాకు పొగరనుకుంటారు. ఆ తర్వాత ఎవరో చెబితే తప్ప అక్కడ ఏమి జరిగిందో నాకు తెలియదు.

చీకటి సంగతి ఇంకా కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజువారీ జీవితాన్ని ఎక్కువగా కుదించింది అదే. మసక వెలుతురులో చూడడానికి పనికివచ్చే రాడ్ కణాలు ఒక్కో కంట్లో దాదాపు 12 కోట్లు ఉంటాయనీ, రంగులనూ సూక్ష్మాలనూ పట్టే కోన్ కణాలు 60 లక్షల వరకే ఉంటాయనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చూపు కేంద్రంలో రాడ్ కణాలు లేవు, దాని చుట్టూ వలయంగా దట్టంగా ఉంటాయి. లేజరు చుక్కలు ఆ దట్టమైన చోటు నుంచి బయటికి పరుచుకుంటాయి. మిగిలిన రాడ్ కణాలతో ఏర్పడే చీకటిచూపు జల్లెడలాంటిది, కొన్ని వస్తువులు నిలుస్తాయి, కొన్ని జారిపోతాయి. ఆరోగ్యవంతమైన కన్నుకైనా చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంటకు పైగా పడుతుంది, కానీ వారికి మొదటి నిమిషాల్లోనే పనికివచ్చేంత చూపు వస్తుంది. నాకు అది రాదు. ఎండలోంచి నీడగా ఉన్న వరండాలోకి వస్తే గుమ్మం దగ్గరే నిలబడి గోడకు చెయ్యి ఆనించి ఆగవలసి వస్తుంది. వెనుక వచ్చేవారికి అది అర్థం కాదు, దారికి అడ్డం అనుకుంటారు. పొద్దు వాలాక కొత్త చోటికి ఒంటరిగా వెళ్ళడం మానుకున్నాను.

వెలుతురు ఎక్కువైతే బాగుంటుందా అంటే, దానికీ ఒక హద్దు ఉంది. ఎదురుగా వచ్చే వాహనాల దీపాలకు నాకు కళ్ళు బైర్లు కమ్ముతాయి, దీపం వెళ్ళిపోయాక కూడా ఆ మెరుపు చాలాసేపు పోదు. తెల్లని గచ్చు మీద ఎండ పడితే నేలంతా ఒకే తెలుపు, అందులో మెట్టు ఎక్కడుందో గట్టు ఎక్కడుందో తెలియదు. వెలుగునీడల తేడాను పట్టే శక్తి తగ్గడం వల్లే ఇదంతా అని తర్వాత తెలిసింది. మెట్లు ఎక్కడం కష్టం కాదు, దిగడమే కష్టం. అన్నీ ఒకే రంగు రాతివైతే ఒక మెట్టు అంచు కింది మెట్టులో కలిసిపోతుంది, ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని వేసిన అడుగు గాలిలో పడుతుంది. మెట్ల అంచున రెండు వేళ్ళ వెడల్పున వేరే రంగు పట్టీ అంటిస్తే చాలు, నేను చేతికమ్మీ పట్టుకోకుండా దిగగలను. నీలానికీ ఆకుపచ్చకూ, నీలానికీ నలుపుకూ మధ్య తేడా కూడా మునుపటిలా తెలియడం లేదు. ఆకుపచ్చ డబ్బాలోని మాత్రలు తీసుకోబోయి నీలం డబ్బా తెరవడం షుగరు మనిషికి చిన్న విషయం కాదని వేరే చెప్పనక్కరలేదు.

వీటికి తోడు, చికిత్స జరిగిన తొలి నెలల్లో దగ్గరి అక్షరాలు మసకబారాయి. రెటీనా వెనుకగా సాగి కంటిపాపనూ లోపలి కండరాన్నీ నడిపే నరాలకు లేజరు వేడి తగిలితే అలా జరగవచ్చు. చికిత్స సమయంలో ఆ నరాలున్న పక్కల్లో చుక్క పడినప్పుడే నొప్పి ఎక్కువగా తెలిసేది. అది కొన్ని నెలల్లో చాలావరకు సర్దుకుంది. అలా సర్దుకునే అవకాశం ఉందని ముందే ఒక్క మాట అని ఉంటే ఆ నెలలు అంత దిగులుగా గడిచేవి కావు. రెటీనా మధ్యభాగమైన మాక్యులాకు వచ్చిన వాపుకు ఒక కంటి మధ్యభాగానికి దగ్గరగా కూడా కొద్దిగా లేజరు పెట్టారు. ఆ కంటితో చదివితే పదాల్లో అప్పుడప్పుడు ఒక అక్షరం మాయమవుతుంది. రెండు కళ్ళతో చదివితే తెలియదు కాబట్టి దాన్ని పట్టించుకోవడం మానేశాను.

ఇక ముందుగా చెప్పడం గురించి. ‘చెప్పలేదని ఎలా అంటారు, అంగీకారపత్రంలో అన్నీ రాసి ఉన్నాయి కదా’ అని మీరు అనవచ్చు. ఉన్నాయి. పక్కచూపు, రాత్రిచూపు తగ్గవచ్చని ఆ పత్రంలో ఒక పంక్తి ఉన్న మాట నిజమే. అయితే ఆ పత్రం రోగి చేతికి ఎప్పుడు వస్తున్నదో ఒకసారి మీ వెయిటింగ్ హాల్లో నిలబడి గమనించండి. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు, కళ్ళు మూసుకుని కూర్చోమంటారు, పాప బాగా తెరుచుకుని దగ్గరి అక్షరం అలుక్కుపోయిన తర్వాత సన్నని అచ్చులో ఉన్న కాగితం ఇచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తారు. నాకు జరిగింది అదే, నా పక్కన కూర్చున్నవారికీ అదే జరిగింది. కంటిచికిత్సకు ఇచ్చే అంగీకారపత్రాన్ని చదవలేని స్థితిలో ఉన్న కంటికి చూపించడం కంటే విడ్డూరం మరొకటి ఉంటుందా? చుక్కల మందు వేయడానికి ముందే, వీలైతే లేజరు నిర్ణయించిన రోజునే, పెద్ద అక్షరాలలో ఆ కాగితాన్ని ఇంటికి ఇచ్చి పంపడానికి ఖర్చేమీ కాదు.

చెప్పే మాటల విషయంలో నాకు ఒక అభిప్రాయం ఉంది. ‘కొన్ని దుష్ప్రభావాలు ఉండవచ్చు’ అనే వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. ‘చీకటి పడ్డాక బండి నడుపుతారా? మెట్లున్న ఇంట్లో ఉంటారా? మీ పని రాత్రి షిఫ్టులోనా? యంత్రాల మధ్యనా?’ అని ముందు అడిగి, ఆ జవాబులను బట్టి ఏమి కష్టం కావచ్చో చెబితే అది రోగికి పనికివచ్చే సమాచారం. భయపడి లేజరుకు రాకుండా పోతారేమోనని మీరు వెనకాడుతున్నారని నాకు తెలుసు, ఆ భయం అకారణమైనదీ కాదు. అయినా చెప్పకపోవడం వల్ల జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మొదటి కంటికి లేజరయ్యాక చూపు మసకబారితే, ఆ మార్పు ఊహించినదేనని తెలియని రోగి ‘లేజరు వల్ల ఉన్న చూపూ పోయింది’ అని నిశ్చయించుకుని రెండో కంటికి రాడు, తెలిసినవారందరికీ అదే చెబుతాడు. చాలాచోట్ల లేజరు మీద ఉన్న చెడ్డపేరుకు మూలం ఈ మౌనంలోనే ఉన్నదని నేను అనుకుంటున్నాను.

ఇంజెక్షన్ల గురించి కూడా ఇక్కడే ఒక మాట. అమెరికాలోని రెటీనా పరిశోధన బృందం ప్రోటోకాల్ ఎస్ పేరుతో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్ ఇంజెక్షన్లు పట్టిక మీది చూపు విషయంలో లేజరుకు తీసిపోవనీ, రెండేళ్ళ దగ్గర చూస్తే పక్కచూపు నష్టం లేజరు చేసిన కళ్ళలోనే చాలా ఎక్కువనీ అది చూపింది. 2018లో వచ్చిన ఐదేళ్ళ ఫలితాల్లో ఆ తేడా కొంత తగ్గింది, ఎందుకంటే ఇంజెక్షన్ల వైపూ కాలంతో పాటు పక్కచూపు తగ్గుతూ వచ్చింది. అంటే పక్కచూపు తగ్గడానికి లేజరు ఒక్కటే కారణం కాదు, జబ్బు వాటా కూడా అందులో ఉంది. పైగా ఇంజెక్షన్ల మీదే ఆధారపడి మధ్యలో ఆసుపత్రికి రావడం మానేసినవారు, లేజరు చేయించుకుని మానేసినవారికంటే ఎక్కువగా దెబ్బతిన్నట్టు తర్వాతి పరిశీలనల్లో తేలింది. నెలనెలా రాగలిగే మనిషికి ఒక దారి మంచిది కావచ్చు, రాలేని మనిషికి మరొకటి. ఈ ఎంపికలో రోగి జీవన పరిస్థితే సగం నిర్ణయం చేస్తుంది కాబట్టి, రెండు దారుల ఖర్చునూ రోగి ముందు పెట్టి మాట్లాడడం తప్పనిసరి. కళ్ళు రెండూ ఇప్పటికే లేజరు చేయించుకున్న నాలాంటివారికి ఈ చర్చ వల్ల ఒరిగేదేమీ లేదు, రాబోయేవారి కోసం చెబుతున్నాను.

కొలవడం దగ్గరికి వస్తాను. పక్కచూపును కొలిచే యంత్రం మీ ఆసుపత్రుల్లో చాలావాటిలో ఉంది. కంటి నరం దెబ్బతిని పక్కచూపు తగ్గే గ్లాకోమా (నీటికాసులు) జబ్బు రోగులను రోజూ దాని ముందు కూర్చోబెడుతున్నారు. నేను పట్టుబట్టి అడిగితే నన్నూ కూర్చోబెట్టారు, ఫలితం పెద్దగా చెడ్డగా లేదన్నారు. గ్లాకోమా కోసం మామూలుగా చేసే ఆ పరీక్ష చూపు కేంద్రం నుంచి 24 లేదా 30 డిగ్రీల వరకే చూస్తుంది. ఆరోగ్యవంతమైన కన్ను బయటి వైపు 90 డిగ్రీలకు పైగా చూడగలదు. లేజరు ప్రభావం ఎక్కువగా ఉండేది ఆ 30 డిగ్రీలకు ఆవల. ప్రోటోకాల్ ఎస్‌లో 30 నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న భాగాన్ని కూడా కొలిచినందువల్లే నష్టం లెక్కకు వచ్చింది. యంత్రంలో ఆ సదుపాయం ఉంటుంది, పరీక్షకుడు ఎంచుకోవాలి అంతే. వెలుగునీడల తేడాను కొలవడానికైతే పెల్లీ-రాబ్సన్ పట్టిక అనే కాగితం 1988 నుంచి ఉంది. అక్షరాలన్నీ ఒకే పరిమాణంలో ఉండి క్రమంగా వెలిసిపోతూ వస్తాయి, దాన్ని చదివించడానికి కొద్ది నిమిషాలు చాలు. లేజరుకు ముందు ఒకసారి, చికిత్స పూర్తయి కన్ను కుదుటపడ్డాక ఒకసారి ఈ రెండూ చేస్తే, ఏది జబ్బు వల్ల పోయింది, ఏది చికిత్స వల్ల పోయింది అనే వాదనకు సగం జవాబు దొరుకుతుంది. ముందు కొలవకపోతే ఆ జవాబు ఎప్పటికీ దొరకదు. నా విషయంలో దొరకదు.

‘రోగుల తాకిడిలో ఇదంతా ఎక్కడ చేయగలం’ అనే ప్రశ్న న్యాయమైనదే. లేజరు గది బయట వరుసలు నేనూ చూశాను, ఒక్కొక్కరికి మీరు ఇవ్వగలిగిన నిమిషాలెన్నో నాకు తెలియనిది కాదు. కానీ ఈ పనిలో చాలాభాగం వైద్యులు స్వయంగా చేయవలసినది కాదు. ప్రశ్నలు అడగడం, పట్టిక చదివించడం, కాగితం ఇవ్వడం శిక్షణ పొందిన సహాయకులు చేయగలరు. మీరు చేయవలసినదల్లా ఆ ఫలితాన్ని చూసి ఫైలులో ఒక వాక్యం రాయడం: లేజరు వల్ల ఈ వ్యక్తికి పక్కచూపు ఈ మేరకు, చీకటిచూపు ఈ మేరకు తగ్గాయి, పట్టిక మీది చూపు బాగున్నంత మాత్రాన ఆ లోపం లేదని అనుకోరాదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఏమవుతున్నదో బయట మాకు తెలుస్తుంది. పనిచేసేచోట రాత్రి షిఫ్టు మార్చమని అడిగితే వైద్యపత్రం తెమ్మంటారు, పత్రంలో చూపు దాదాపు మామూలుగా ఉందని ఉంటుంది. ఇంట్లోవారు మొదట జాలిపడతారు, కొన్నాళ్ళకు అనుమానపడతారు. సూదిలో దారం ఎక్కించగలిగిన మనిషికి ఎదురుగా ఉన్న కుర్చీ కనిపించదంటే నమ్మడం కష్టమే మరి. వారిని నేను తప్పుపట్టను.

వాహనం నడపడం విషయంలో మౌనం మరీ ప్రమాదకరం. వాహన లైసెన్సుకు అక్షరాల పట్టికతో పాటు పక్కచూపు పరిధిని కూడా నిర్దేశించిన దేశాలు చాలా ఉన్నాయి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం రెండు కళ్ళూ కలిపి అడ్డంగా కనీసం 120 డిగ్రీల పరిధి ఉండాలి. నియమం ఎక్కడ ఎలా ఉన్నా, రెండు కళ్ళకూ పూర్తిస్థాయి లేజరు అయిన మనిషి, ముఖ్యంగా నడపడమే జీవనోపాధి అయిన మనిషి, మళ్ళీ బండి ఎక్కే ముందు తన పరిధి ఎంతో తెలుసుకుని తీరాలి. పరీక్షలో తగినంత ఉందని తేలినవారు నిశ్చింతగా నడుపుకుంటారు, అలాంటివారూ చాలామందే ఉంటారు. తగినంత లేనివారికి ఆ సంగతి ప్రమాదం జరిగాక కాకుండా మీ గదిలో తెలియాలి. నేను బండి నడపడం నా అంతట నేనే మానేశాను. అది సరైన నిర్ణయమో అనవసరపు భయమో చెప్పగలిగే కొలత ఆనాడు ఎవరూ తీయలేదు.

కొలిచిన తర్వాత చేయడానికి ఏముంది, పోయిన కణాలు తిరిగి రావు కదా అని కూడా అంటారు. చేయడానికి చాలా ఉంది. చూపు కొద్దిగా మిగిలినవారికి సహాయపడే పునరావాస విభాగాలు ఉన్నచోట కూడా మమ్మల్ని అక్కడికి పంపరు, ఎందుకంటే అక్కడికి పంపాలా వద్దా అనేది పట్టిక మీది వరుసను బట్టి తేలుస్తున్నారు. తలను ఒక క్రమంలో తిప్పుతూ దారిని వెతకడం, జనంలో ఏ పక్కన నడిస్తే సురక్షితమో ఎంచుకోవడం, ఎండ మిరుమిట్లు తగ్గించే పసుపు, అంబర్ రంగు అద్దాలు, గుమ్మాల దగ్గర, మెట్ల దగ్గర దీపాలు ఎక్కడ అమర్చితే కంట్లోకి కొట్టకుండా నేల మీద పడతాయో తెలుసుకోవడం, ఇవన్నీ ఎవరైనా నేర్పగలిగినవి. నేను ఇవి దెబ్బలు తిని నేర్చుకున్నాను. చేతిలో చిన్న టార్చి పెట్టుకోమని సలహా ఇచ్చింది ఒక సాటి రోగి. దాన్ని ముందుకు కాకుండా పాదాలకు కొంచెం ఎదురుగా నేలకేసి పట్టుకోవాలని కూడా ఆయనే చూపించారు. మీ విభాగం గోడ మీద ఇలాంటి నాలుగు మాటలు పెద్ద అక్షరాలలో రాసి పెట్టినా ఎందరికో ఉపకారం.

చివరగా వెంటనే అమలుచేయగలిగిన ఒక విన్నపం. చాలామందికి ఒక కంటికి లేజరు అయ్యాక రెండో కంటికి చేస్తారు. రెండో కంట్లో రక్తస్రావం ముప్పు తరుముకొస్తుంటే ఆగమని నేను అనను, అప్పుడు ప్రతి రోజూ విలువైనదే. అంత తొందర లేని సందర్భాల్లో, మొదటి కన్ను కుదుటపడ్డాక దాని పక్కచూపును 60 డిగ్రీల వరకు ఒకసారి కొలిచి, చీకట్లో ఎలా ఉందో రోగిని అడిగి, ఆ రెండూ ముందు పెట్టుకుని రెండో కంటి చికిత్సను నిర్ణయించండి. చుక్కల సంఖ్యను విడతలుగా పంచవచ్చా, ఇంజెక్షన్లతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చా, లేక ఆలస్యం చేయకుండా పూర్తి లేజరే చేయాలా అన్నది మీ విద్యకు సంబంధించిన నిర్ణయం. దాని మీద నాకు అభిప్రాయం లేదు. ఆ నిర్ణయం తీసుకునే వేళ మొదటి కన్ను ఏమి కోల్పోయిందో మీ ముందున్న కాగితం మీద ఉండాలి, రోగి దగ్గర కూడా దాని ప్రతి ఒకటి ఉండాలి.

ఇట్లు,
లేజరు చికిత్స పొందిన ఒక రోగి